హిఫ్జ్‌లో పాఠం ఎక్కడ తెగుతోంది: సమస్యలు, పరిష్కారాలు

"మావానికి మతిల ఏదీ నిలుస్తలేదు హాఫిజ్ సాబ్" అని తండ్రి చెప్తుంటే, పక్కనే నిలబడ్డ పిల్లవాడు తల దించుకుంటాడు. ఆ మాట వాడి ముందు అనొద్దని ఎందరిని బతిమిలాడానో. దేవరకొండ వైపు ఒక మస్జిద్‌లో సాయంత్రం పిల్లలకు హిఫ్జ్, అంటే ఖురాన్ కంఠస్థం చేసే పాఠం చెప్తాను. మొత్తం కంఠస్థం చేసినవాడే హాఫిజ్. పొద్దంతా తెలుగు మీడియం బడి, అసర్ (సాయంత్రం) నమాజు అయ్యాక మక్తబ్, అంటే మస్జిద్‌లోని ఖురాన్ బడి. ఖురాన్ 30 పారాలు (భాగాలు), 114 సూరాలు (అధ్యాయాలు). రోజుకు అర పేజీ చొప్పున ఒక్కరోజూ మానకుండా చదివినా మూడేళ్ళు దాటుతుంది. ఇంత పెద్ద పనిలో పిల్లలు ఎక్కడో ఒకచోట ఆగుతారు. ఎక్కడ ఆగుతున్నారో గమనిస్తే కారణం అక్కడే దొరుకుతుంది.

ఇంట్లో గడగడ చదివాడు, ఉస్తాద్ (గురువు) ముందు నోరు పెగల్లేదు

ముసహఫ్ (ఖురాన్ ప్రతి) తెరిచి పెట్టుకుని చదివితే, మరిచిపోయిన చోట కన్ను అందిస్తుంది. పిల్లవాడికే తెలియకుండా ఓరకంట చూస్తాడు. దాన్నే కంఠస్థం అనుకుంటాడు. ఒక్కో ఆయత్ (వాక్యం) చూసి ఐదుసార్లు, మూసి ఐదుసార్లు, గొంతెత్తి చదివించండి. రాత్రి పడుకునే ముందు అమ్మకు, ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత నాన్నకు అప్పజెప్పాలి. అమ్మకు అరబీ చదవడం రాకపోయినా ఫర్వాలేదు, వాడు ఎక్కడ తడుముకున్నాడో ఆమెకు వినిపిస్తుంది.

అంతా చేసినా ఉస్తాద్ ముందే ఆగుతుంటే, ఉస్తాద్ చేతిలో బెత్తం ఉందేమో చూడండి. ఉంటే తప్పు పిల్లవాడిది కాదు.

మొదటి నుంచి వస్తుంది, మధ్యలోంచి అడిగితే రాదు

మా దగ్గర ఒకడికి బస్సులంటే ప్రాణం. దేవరకొండ నుంచి హైదరాబాద్ దాకా కండక్టర్‌లా చెప్పేస్తాడు: కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం. "యాచారం కంటే ముందు ఏ ఊరురా?" అంటే మళ్ళీ దేవరకొండ నుంచి మొదలుపెడతాడు. వాడి పాఠమూ అంతే. ఊళ్ళు వరుసలో గుర్తున్నాయి కానీ ఏ ఊరికి ఆ ఊరు గుర్తులేదు.

రోజూ పేజీలో మూడు చోట్ల నుంచి మొదలుపెట్టించండి. పేజీ చివర ఆగిపోయే పిల్లలు చాలామంది. 15 వరుసల హిఫ్జ్ ముసహఫ్‌లో పేజీ ఆయత్‌తోనే ముగుస్తుంది కాబట్టి, పాఠం కూడా అక్కడితో అయిపోయినట్టు అనిపిస్తుంది. ఈ పేజీ చివరి ఆయత్‌ను తర్వాతి పేజీ మొదటి ఆయత్‌తో కలిపి పదిసార్లు చదివితే ఆ అతుకు గట్టిపడుతుంది. ఇంకో మాట, ముసహఫ్ మార్చొద్దు. మక్తబ్‌లో 15 వరుసలది, ఇంట్లో తాతగారి 16 వరుసలది అయితే, కుడివైపు పైన ఉండాల్సిన ఆయత్ ఎడమవైపు కిందికి పోతుంది. కంటికి గుర్తు చెదిరిపోతుంది.

ఒక సూరాలోంచి ఇంకో సూరాలోకి జారిపోతున్నాడు

ఇది మతిమరుపు కానేకాదు. చదివింది చాలా ఉంది కాబట్టే కలుస్తోంది. ఒకే రకంగా ఉండే ఆయతులను ముతషాబిహాత్ అంటారు. సూరా అన్ఆమ్ 151వ ఆయత్‌లోనూ, బనీ ఇస్రాయీల్ 31వ ఆయత్‌లోనూ పేదరికం కారణంగా పిల్లల్ని చంపొద్దన్న ఆజ్ఞ ఉంది. మొదటి చోట "మీకూ వాళ్ళకూ ఉపాధి ఇచ్చేది మేమే" అని, రెండో చోట "వాళ్ళకూ మీకూ" అని వస్తుంది. పెద్ద హాఫిజ్‌లు కూడా ఇక్కడ తడబడతారు.

నేను పిల్లలకు తెలుగులో అర్థం చెప్తాను. మొదటి చోట పేదరికం ఇప్పటికే ఇంట్లో ఉంది, తల్లిదండ్రులే ఆకలితో ఉన్నారు. అందుకే ముందు "మీకు". రెండో చోట పేదరికం ఇంకా రాలేదు, పిల్లలు పుడితే వస్తుందేమోనన్న భయం. అందుకే ముందు "వాళ్ళకు". ఇది చెప్పిన రోజు ఒక పాప కళ్ళు పెద్దవి చేసి "అల్లా ఎంత చూసి చెప్పాడు సార్" అంది. ఆ తర్వాత ఆ రెండు ఆయతులు ఆమె నోట కలవలేదు. ఇలాంటి జంటలన్నీ ఒక నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయించండి.

మాట వస్తుంది, పలుకు తప్పుతుంది

మన ఇళ్ళలో దక్కనీ ఉర్దూ మాట్లాడతాం. అందులో పెద్ద కాఫ్ (కొండనాలుక దగ్గర పలికే అరబీ 'క') 'ఖే' (గరగరలాడే 'ఖ') అయిపోతుంది. సమాధికీ వార్తకూ 'ఖబర్' అనే అంటాం. అదే నాలుకతో పిల్లలు పెద్ద కాఫ్‌తో మొదలవ్వాల్సిన 'కుల్ హువల్లాహు అహద్'ను 'ఖుల్ హువల్లాహు' అని చదువుతారు. అరచేయి నోటి ముందు పెట్టించండి. 'ఖే' అంటే ఊపిరి చేతికి తగులుతుంది. కొండనాలుక దగ్గర నాలుక మొదలు ఆనించి పెద్ద కాఫ్ పలికితే తగలదు. వారం రోజులు చాలు.

తెలుగు అలవాటు ఇంకోలా అడ్డొస్తుంది. మనకు బస్సు, పెన్ను, కారు, అన్నీ అచ్చుతోనే ముగియాలి. అందుకే 'అహద్' దగ్గర ఆగమంటే 'అహదు' అంటారు. చివరి దాల్‌కు ('ద్' అక్షరానికి) చిన్న తుళ్ళింపు ఉండాలి, 'ఉ' ఉండకూడదు. అద్దంలో చూపించండి, పెదవులు గుండ్రమైతే 'ఉ' వచ్చినట్టే. అయితే తెలుగు పిల్లలకు ఒక వరం ఉంది: హ్రస్వం, దీర్ఘం తేడా చెవికి ముందే తెలుసు, మద్ద్ (అచ్చును సాగదీసి పలకడం) తొందరగా పట్టుకుంటారు.

తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టడం మాత్రం వద్దు. జీమ్, జే, జాల్, జ్వాద్, జోయ్ ఐదింటికీ మనకు ఒక్క 'జ' ఉంది. రెండు కాఫ్‌లనూ 'క' అని రాస్తే, గుండె అనాల్సిన చోట కుక్క అని చదివినట్టవుతుంది. ఆర్నెల్లు ఆలస్యమైనా నూరానీ ఖాయిదా (అరబీ అక్షరాలు, పలుకు నేర్పే మొదటి పుస్తకం) పూర్తి చేయించి మొదలుపెట్టండి.

కొత్తది వస్తోంది, పాతది పోతోంది

సబక్ (కొత్త పాఠం) మీద పడి ఆముఖ్తా (పాత పాఠం తిరగేయడం) వదిలేశారు, అంతే. "పక్కింటివాడు పది పారాలు చేశాడు" అన్న పోటీ దీనికి మూలం. ఖురాన్ నేర్చినవాడిని ప్రవక్త (స) కట్టేసిన ఒంటెల యజమానితో పోల్చారు: కనిపెట్టుకుని ఉంటే ఉంటాయి, వదిలేస్తే పోతాయి. పలుపు ఊడిన కోడెను చూసినవాళ్ళకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. కొత్త పాఠం ఆపేయండి. ఐదు పారాలు వచ్చినవాడు రోజుకొకటి చొప్పున అప్పజెప్పాలి, ఐదు రోజులకో చుట్టు. మూడు చుట్లు తప్పుల్లేకుండా తిరిగాకే సబక్. తల్లిదండ్రులు తొందరపెడితే నా మాటగా చెప్పండి.

వలస వెళ్ళొచ్చాక అంతా మరిచిపోయింది

పాలమూరు వైపు నుంచి పుణె, ముంబై పనులకు పోయే ఇళ్ళలో ఇది తప్పదు. వెళ్ళిన చోట కొత్త పాఠం పెట్టకండి, ఉన్నది నిలిస్తే చాలు. రోజూ ఒక పావు పారా, ఇషా (రాత్రి నమాజు) తర్వాత ఫోన్లో. ఒక పాప పుణెలో కడుతున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్డులోంచి చదివేది. మిక్సర్ మిషన్ మోత మొదలైతే ఆగేది. మోత ఆగాక, ఏ మాట దగ్గర ఆపిందో సరిగ్గా ఆ మాట నుంచే అందుకునేది.