వీడియోలు ఆపి ఒక ప్రాస్పెక్టస్ తిరగేయండి

వ్యాపారం నేర్చుకుందామని మోటివేషన్ వీడియోలు గంటలకొద్దీ చూసినా, పనికొచ్చే అంకె ఒక్కటీ చేతికి రాదు. దానికి బదులు మీ రంగంలోనే ఉండి ఐపీఓకి వెళ్లిన, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మిన, కంపెనీ ప్రాస్పెక్టస్ చదవండి. షేర్లు అమ్మేముందు కంపెనీ తన వివరాలన్నీ రాసి బయటపెట్టే పత్రం అది. పైసా ఖర్చుండదు, కంపెనీ పేరు పక్కన 'ప్రాస్పెక్టస్ పీడీఎఫ్' అని కొట్టి వెతకడమే.

వందల పేజీలుంటాయి, బెదిరిపోవద్దు. ముందు 'రిస్క్ ఫ్యాక్టర్స్' తెరవండి. తమ వ్యాపారం ఎక్కడ దెబ్బతినొచ్చో కంపెనీయే అక్కడ రాసిపెట్టాలి: అమ్మకాల్లో ఎంత భాగం ఇద్దరు ముగ్గురు కస్టమర్ల మీదే నడుస్తోంది, ముడిసరుకు ఒకరి దగ్గరే కొంటున్నారా, బాకీలు ఎలా వసూలవుతున్నాయి లాంటివన్నీ. ఏ సక్సెస్ స్టోరీలోనూ ఇవి చెప్పరు.

తర్వాత లాభనష్టాల పట్టిక. ముడిసరుకు, జీతాలు, ప్రకటనలు, రవాణా, ఒక్కోదాన్నీ మొత్తం అమ్మకాలతో భాగించి 100తో హెచ్చించండి. పక్కనే మీ శాతాలు రాయండి. ఎక్కడ తేడా 5 పాయింట్లు దాటిందో, ఆ వారం దాని గురించే చదవండి, అడగండి. మిగతావి తర్వాత.

పరిశ్రమ భవిష్యత్తు గురించి ఊదరగొట్టే అధ్యాయాన్ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, దానికి ఆధారమైన నివేదిక చాలాసార్లు కంపెనీ డబ్బిచ్చి రాయించుకున్నదే. ఒక్కరే నడిపే చిన్న వ్యాపారమైతే జీతాల పోలిక తప్పుతుంది, ఎందుకంటే యజమాని తన కష్టాన్ని లెక్కలో వేసుకోడు. ముందు మీకో నెల జీతం కట్టుకుని, అప్పుడు పోల్చండి.