బొమ్మ సరిగ్గా పడట్లేదా? ఇంట్లో చేసిన ఎల్‌సీడీ ప్రొజెక్టర్: సమస్య - పరిష్కారం

మొదటిసారి వెలిగించగానే బొమ్మ బాగా పడిన సొంత ప్రొజెక్టర్‌ని నేనింతవరకూ చూడలేదు. నాది పడినప్పుడు గోడ మీద కనిపించింది హీరోనా, గోడకి పట్టిన చెమ్మా అని మా మావయ్య అడిగాడు. వెంటనే ఇంకా పెద్ద ఎల్‌ఈడీ కొన్నాను. డబ్బు పోయింది, చెమ్మ అలాగే ఉంది. తర్వాత తెలిసిందేమిటంటే, చాలాసార్లు ఏ భాగమూ చెడ్డది కాదు. ఒకదాని కొలత ఇంకోదానికి కుదరదు, అంతే. అందుకే పర్సు తీసే ముందు టేపు తీయండి.

కింద చెప్పే లెక్కలన్నీ నా ప్రొజెక్టర్ పెట్టెవి: బొమ్మ చూపించే 7 అంగుళాల 1024×600 ఎల్‌సీడీ ప్యానెల్, దాని హెచ్‌డీఎంఐ బోర్డు, 100 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ (చిన్న చిప్‌లన్నీ ఒకే పలక మీద ఉండేది), రెండు ఫ్రెనెల్ లెన్సులు (వలయాల గాళ్ళున్న పల్చటి లెన్సు పలకలు), 80 మి.మీ. వ్యాసం, 200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (ఎండని లెన్సు ఒక చుక్కగా కూర్చే దూరం) ఉన్న మూడు గాజుల లెన్సు. వరస ఇది: ఎల్‌ఈడీ, ఒక ఫ్రెనెల్, ప్యానెల్, రెండో ఫ్రెనెల్, లెన్సు, గోడ.

బొమ్మ మొత్తం మసక, వెలుతురు చాలట్లేదు

ముందు ప్యానెల్ వెనక ఉన్న తెల్ల షీట్లన్నీ తీశారో లేదో చూడండి. ఒక్కటి మిగిలినా కాంతి చెదిరిపోతుంది. ప్యానెల్‌ని పట్టుకుంటే అవతల ఉన్న మీ చెయ్యి కనిపించాలి.

అవన్నీ తీశాక కూడా మసకే అంటే అసలు లెక్క ఇది. ప్యానెల్‌లోని పోలరైజర్ (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టే పొర) సగం కాంతిని మింగేస్తుంది. మిగిలినదాంట్లో రంగుల ఫిల్టర్లు మూడో వంతే వదులుతాయి. పిక్సెళ్ళ మధ్య గీతలూ అవీ పోను బయటికి వచ్చేది నూటికి ఐదారు వంతులు. అసలు ఎల్‌ఈడీ కాంతిలో ప్యానెల్ దాకా చేరేదే సగం కంటే తక్కువ. వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు; 9,000 ల్యూమెన్ల ఎల్‌ఈడీతో గోడ మీద 200 పడితే సంతోషించాలి. 60 అంగుళాల బొమ్మ అంటే దాదాపు ఒక చదరపు మీటరు. తలుపులు మూసి లైట్లు ఆర్పితే హాయిగా చూడొచ్చు. దాన్నే 100 అంగుళాలకి లాగితే వెలుగు దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. కాబట్టి ముందు బొమ్మ చిన్నది చేసి చూడండి, దానికి ఖర్చేమీ లేదు.

మధ్యలో వెలుగు, మూలల్లో చీకటి

ఇక్కడ ఒక పరీక్ష ఉంది, నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. ముందు లెన్సు తీసేసి, అది ఉండాల్సిన చోట తెల్ల కాగితం పట్టుకోండి. కాంతి అంతా అక్కడ చిన్న చదరంగా కుదించుకోవాలి. అది ఎల్‌ఈడీ చిప్ బొమ్మే.

చదరం కాగితానికి ముందో వెనకో ఏర్పడుతుంటే ఫ్రెనెల్ దూరాలు తప్పు. ల్యాంపు వైపు ఫ్రెనెల్‌కి దాని ఫోకల్ లెంగ్త్ ఎంతో అంత దూరంలో ఎల్‌ఈడీ ఉండాలి. నాది 120 మి.మీ. లెన్సు వైపు ఫ్రెనెల్ ఫోకల్ లెంగ్త్ అక్కడి నుంచి లెన్సుకున్న దూరంతో సరిపోవాలి. నాకు 200 మి.మీ. చుట్టుపక్కల కుదిరింది.

చదరం సరైన చోటే పడి లెన్సు కంటే పెద్దగా ఉంటే లెన్సు చిన్నది. నా ఎల్‌ఈడీలో వెలిగే భాగం సుమారు 22 మి.మీ. చదరం. ఈ ఫ్రెనెళ్ళతో అది దాదాపు 1.7 రెట్లు పెరిగి 37 మి.మీ. అవుతుంది, మూల నుంచి మూలకి 52. పాత కెమెరా లెన్సు లాంటి చిన్నది పెడితే ఇందులో కొంత కాంతి బయటే పోతుంది. ఇంకా ఎక్కువ వాట్ల ఎల్‌ఈడీ కొంటే చిప్ ఇంకా పెద్దదవుతుంది, ఆ అదనపు కాంతి లెన్సు పక్కనుంచి పెట్టె గోడకి పోతుంది. నా రెండో ఎల్‌ఈడీ కథ అదే.

ఎంత తిప్పినా ఫోకస్ కుదరట్లేదు

పెట్టె పొడవు తప్పు. బొమ్మ ప్యానెల్‌కి ఎన్ని రెట్లో చూడండి: 60 అంగుళాలని 7తో భాగిస్తే 8.6. లెన్సు నుంచి గోడకి దూరం 200×(1+8.6), అంటే సుమారు 1.9 మీటర్లు. ప్యానెల్ నుంచి లెన్సుకి 223 మి.మీ. 100 అంగుళాలకైతే గోడ 3 మీటర్లు దాటుతుంది, లెన్సు 214కి వస్తుంది. అంటే అటూ ఇటూ జరగాల్సింది ఒక్క సెంటీమీటరే. దానికో జారే గొట్టం పెట్టుకుంటే చాలు. గది కొలిచి, ఆ దూరాన్ని బట్టి లెన్సు కొనండి. లెన్సు కొన్నాక గది పెరగదు.

మధ్యలో అక్షరాలు స్పష్టం, అంచుల్లో అలుక్కుపోయి రంగుల గీతలు

భూతద్దం పెట్టారు. ఒక్క గాజు చేసే పనే అంత. ముందు గుండ్రటి కన్నం కోసిన నల్ల అట్ట పెడితే కొంత మెరుగవుతుంది, వెలుగు తగ్గుతుంది. బడ్జెట్‌లో ఎక్కడైనా నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టాలంటే నేనైతే ఇక్కడే పెడతాను, మూడు గాజుల లెన్సు మీద.

బొమ్మ మీద సన్నని వలయాలు

ఫ్రెనెల్ ప్యానెల్‌కి ఆనుకుని ఉంది. ఒకటి రెండు సెంటీమీటర్లు జరపండి.

అరగంట తర్వాత మధ్యలో నల్ల మచ్చ

భయపడకండి, వెంటనే ఆపేయండి. లోపలి లిక్విడ్ క్రిస్టల్ కాగి తన పని మానేసింది. చల్లారాక మచ్చ పోతుంది. ఇలాగే రోజూ కాలిస్తే మాత్రం పోలరైజర్ శాశ్వతంగా కమిలిపోతుంది.

దీనికి వేడిని ఆపే గాజు కొనమని చాలామంది చెబుతారు. హాలోజెన్, మెటల్ హాలైడ్ దీపాలకి అది అవసరమే. తెల్ల ఎల్‌ఈడీ కిరణంలో ఇన్‌ఫ్రారెడ్ పెద్దగా ఉండదు. పోలరైజర్ మింగిన వెలుగే అక్కడ వేడిగా మారుతోంది. కాబట్టి గాజు దండగ. ప్యానెల్‌కి రెండు వైపులా గాలి పోయేలా ఖాళీ వదిలి, పక్కనుంచి 12 వోల్టుల ఫ్యాను పెట్టండి.

ఎల్‌ఈడీ వారానికే మాడిపోయింది

అడాప్టర్‌తో నేరుగా వెలిగించి ఉంటారు. ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. 30-36 వోల్టుల మధ్య 3 ఆంపియర్లు దాటనివ్వని కాన్‌స్టెంట్ కరెంట్ డ్రైవర్ కావాలి. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ తిరిగితే దొరుకుతుంది. వెలిగించిన పావుగంటకి మల్టీమీటర్ పెట్టి కరెంటు చూడండి. ఎల్‌ఈడీ వేడిని లాగేసే హీట్‌సింక్‌గా పాత కంప్యూటర్ సీపీయూ కూలర్ చాలు, రెండింటి మధ్యలో వేడిని దాటించే థర్మల్ పేస్టు పల్చగా పూయండి.

పాత మానిటర్ ప్యానెల్ రెండు సెకన్లు వెలిగి ఆరిపోతోంది

ప్యానెల్ వెనక వెలుగిచ్చే ట్యూబులు మీరు తీసేశారు, దాని బోర్డు వాటి కోసం వెతుక్కుంటోంది. ట్యూబులు నడిపే ఇన్వర్టర్‌లో వందల వోల్టులు ఉంటాయి, చెయ్యి పెట్టకండి. ఇలాంటి ప్యానెల్‌కి విడి కంట్రోలర్ బోర్డు కొనడమే మేలు.

అక్షరాలు తిరగబడ్డాయి

సినిమా హాల్లో రీలు తలకిందులుగానే ఎక్కించేవారు. మీరూ ప్యానెల్‌ని తలకిందులు చేసి, దాని ముఖం ల్యాంపు వైపు తిప్పండి. మధ్యలో అద్దం వాడితే ముఖం లెన్సు వైపు రావాలి. ఆ అద్దం వల్ల ఒక్కో అక్షరం పక్కన నీడ అక్షరం కనిపిస్తోందంటే అది ఇంట్లో వాడే మామూలు అద్దం. మెరిసే పూత గాజు వెనక కాకుండా ముందు వైపునే ఉండేది కావాలి. పెట్టె పొడవుకి చోటుంటే అసలు అద్దం జోలికే పోకండి.