సుగ్గికి బెంగళూరు వచ్చే ముందు ఊళ్లో బిడ్డల కోసం చేయవలసిన ఏర్పాట్లు

దసరా దాటిందంటే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో సుగ్గికి, అంటే కూలి పనుల కోసం కొన్ని నెలలు వలస వెళ్లడానికి, మూటలు కడతారు. కొన్ని కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్తే, మరికొన్ని కట్టడం పనులకు బెంగళూరు వచ్చి హెబ్బాళ, కె.ఆర్.పురం, మారతహళ్లి చుట్టుపక్కల రేకుల షెడ్లలో దిగుతాయి; కదిరి, పాలమూరు వైపు వాళ్లూ ఇక్కడే కలుస్తారు. బిడ్డలను ఎవరి దగ్గర ఉంచాలనే మాట చాలా ఇళ్లలో బండి ఎక్కే ముందు రాత్రి గాని తేలదు. అది కనీసం నెల ముందు తేలాలి. అవ్వ ఉంది కదా అనుకుంటే సరిపోదు. ఆ అవ్వ చేతిలో డబ్బు, కాగితాలు, అండగా ఇంకో మనిషి ఉన్నప్పుడే బిడ్డ పదిలంగా ఉంటుంది.

వెంట తీసుకురావాలా, ఊళ్లోనే ఉంచాలా అన్నది మొదటి ప్రశ్న. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల బిడ్డను బదిలీ పత్రం రావడం ఆలస్యమైందన్న కారణంతో ఏ ప్రభుత్వ బడీ చేర్చుకోకుండా ఉండకూడదు. హక్కు ఉన్నా, తెలుగులో చదువుతున్న బిడ్డ ఏడాది మధ్యలో కన్నడ తరగతిలో కూర్చుంటే పాఠం అందదు. బడి మానేసి షెడ్డు దగ్గర చంటిపిల్లను ఎత్తుకోవడంతో మొదలై, చివరకు ఇటుకలు అందించే దాకా వెళ్తుంది. అందుకే బడి ఈడు బిడ్డలను సరైన ఏర్పాటు ఉంటే ఊళ్లోనే ఉంచడం మేలని, పాలు మరవని పసివాళ్లను మాత్రం తల్లితోనే ఉంచుకోవాలని నా అభిప్రాయం. వలసలు ఎక్కువగా ఉన్న మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో బిడ్డలు ఉండే సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి కనుక, మీ ఊరికి ఈ ఏడాది అది ఉందో లేదో దసరాకు ముందే హెడ్మాస్టరును, మండల విద్యాధికారిని అడగండి.

హాస్టల్ లేకపోతే ఇద్దరు మనుషులు కావాలి. అన్నం పెట్టి, పక్కన పడుకోబెట్టుకోవడానికి అవ్వాతాతలు. బడికి, ఆసుపత్రికి వెళ్లి మాట్లాడడానికి చదువు వచ్చిన చిన్నాన్నో మేనమామో పక్కింటి అక్కో. బయలుదేరే ముందు ఆ ఇద్దరినీ బడికి తీసుకెళ్లి హెడ్మాస్టరుకు చూపించి, మీరు లేనప్పుడు బిడ్డ విషయం ఎవరితో మాట్లాడాలో, ఏ ఫోన్ నంబరుకు చేయాలో ఒక కాగితం మీద రాసి, మీ సంతకమో వేలిముద్రో వేసి ఇవ్వండి. ఎవరి దగ్గర ఉండడం ఇష్టమో బిడ్డను కూడా అడగండి. ఒక ఇంటికి వెళ్లనని బిడ్డ గట్టిగా అంటే దాన్ని మొండితనం అనుకోకుండా కారణం కనుక్కోండి.

రేషన్ విషయంలో ఇక్కడి షెడ్లలో ఒక భయం తరచుగా వినిపిస్తుంది: బెంగళూరులో బియ్యం తీసుకుంటే ఊళ్లో కార్డు తీసేస్తారని. అలా తీసేయరు. జాతీయ ఆహార భద్రతా చట్టం కిందకు వచ్చే కార్డుపై మీ వంతు ఇక్కడా, మిగిలినవాళ్ల వంతు ఊళ్లోనూ తీసుకోవచ్చు. సాధారణ కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు పొరుగు రాష్ట్రంలో ఈ వీలు లేదు కనుక, మీది ఏ కోవలోదో ఊళ్లోని సచివాలయంలో ముందే అడగండి. ఇక్కడ మొత్తం కోటా తీసేసుకుంటే అక్కడ అవ్వ ఖాళీ సంచితో తిరిగి వస్తుందని మరవకండి. 5 ఏళ్లు, 15 ఏళ్లు నిండిన బిడ్డలకు ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించే పని కూడా బయలుదేరకముందే పూర్తిచేయండి.

డబ్బు పంపడం కన్నా అది అవ్వ చేతికి చేరడం కష్టం. ఏళ్ల తరబడి కలుపు తీసి, కసువు ఊడ్చి అరిగిపోయిన వేళ్లకు మిషన్ మీద ముద్ర పడదు. బొటనవేలు కొంగుతో తుడుచుకుని మళ్లీ మళ్లీ ఒత్తి, చివరకు ఉత్త చేతులతో తిరిగి వచ్చే ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కనుక మీరు ఊళ్లో ఉండగానే ఒకసారి కొద్ది మొత్తం తీయించి చూడండి. ముద్ర పడకపోతే ఆ రెండో మనిషి ఖాతాకు పంపి, తీసిన ప్రతిసారీ చీటీ అవ్వకు ఇమ్మనండి. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు అంతా అప్పులకే పోనీయకుండా మొదటి నెల ఖర్చు ఇంట్లో పెట్టి రండి. తరువాత వారం కూలీ అందిన రోజే కొంత పంపండి.

బిడ్డ నిద్రలో ఉండగా వెళ్లిపోకండి. ఏడుస్తారని అలా చేస్తారు గాని, లేచి చూసి అమ్మ కనబడక పడే భయం ఆ ఏడుపు కంటే ఎంతో పెద్దది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకో, ఏ పండక్కి వస్తారో చెప్పి బయలుదేరండి. రాలేని తేదీ మాత్రం చెప్పకండి. ఫోన్ రోజూ ఒకే వేళకు చేయండి. సిమెంటు బస్తాకు ఫోన్ ఆనించి, రొట్టె తడుతూ, అటువైపు కొడుకు చదివే తెలుగు వాచకం పేజీ వినే తల్లిని ఈ షెడ్లలో చూశాను. ఆమెకు చదువు రాదు, కానీ ఆ అబ్బాయి రోజూ ఒక పేజీ సిద్ధం చేసుకుంటాడు. బాగా చదువుతున్నావా అని అడిగితే ఊఁ అనే జవాబే వస్తుంది. ఏం తిన్నావు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరితో ఆడావు అని అడిగితే మాట సాగుతుంది. మాటలు తగ్గిపోయినా, మానిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఒక మనిషి పేరెత్తితే మౌనం వహించినా, కూలీ పోయినా సరే ఒకసారి వెళ్లి చూసి రండి.

ఎదిగిన ఆడపిల్ల ఉంటే ఊళ్లో పెళ్లి మాటలు మొదలవుతాయి, బాధ్యత తీరుతుందని అవ్వాతాతలు తొందరపడతారు. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరమని, మీరు లేకుండా ఏ మాటా ఇవ్వవద్దని వెళ్లేటప్పుడే తేల్చి చెప్పండి. ఏ ఆపదలోనైనా పగలూ రాత్రీ పలికే పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరును బిడ్డ చేత కంఠస్థం చేయించండి.

ఉగాదికి ఊరు చేరగానే బడికి వెళ్లి హాజరు చూసుకోండి. చదువుకునే బిడ్డ తల్లికి ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం వంటి పథకానికి 75 శాతం హాజరు అడుగుతారు. అమ్మాయి ఐదో తరగతి ముగిస్తుంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఆరో తరగతి ప్రవేశాల గురించి అప్పుడే హెడ్మాస్టరును అడిగి దరఖాస్తు పెట్టించండి. అక్కడ సీటు వస్తే వచ్చే సుగ్గికి ఆ అమ్మాయికి ఉండే చోటు, తిండి, చదువు ఒకేచోట దొరుకుతాయి.