కంప్యూటర్ కరెంటు పాఠాలు – 3: మీటరు దీపంతో తెర ఖర్చు కొలవడం

మానిటర్ వెనక పట్టీ మీద వాట్లు చదవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఆ అంకె గరిష్ఠం. తెర రోజూ తీసుకునే కరెంటు సాధారణంగా అంతకంటే తక్కువే. ఎంత తక్కువో ఇప్పుడు మనమే కొలుద్దాం. గోడమీది మీటరు, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. దాని దగ్గర 3200, 1600 వంటి అంకె ఉంటుంది. యూనిట్ ఖర్చైతే దీపం అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. 3200 మీటరైతే 10 మిణుకులకు పట్టిన సెకన్లతో 11,250ని భాగించండి, వాట్లు వస్తాయి. 1600 అయితే 22,500ని భాగించాలి. వేరే అంకె ఉంటే ముందుగా 3,60,00,000ను దానితో భాగించి, వచ్చిన సంఖ్యను వాడండి.

కొలిచే ముందు ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు ఆపండి. చాలామంది ఇన్వర్టర్ సంగతి మరిచిపోతారు. అది బ్యాటరీని ఛార్జి చేసుకుంటూ ఉంటే లెక్కంతా పాడవుతుంది. దాన్ని ఆపి, కంప్యూటర్‌ను నేరుగా మెయిన్స్ సాకెట్‌కు కలపండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, కీబోర్డు ముట్టుకోకుండా, వెలుగు పూర్తిగా పెంచి కొలవండి. తర్వాత సగానికి తగ్గించి మళ్లీ కొలవండి. 3200 మీటరు మీద మొదటిసారి 150 సెకన్లు, రెండోసారి 173 సెకన్లు పట్టాయనుకుందాం. అంటే 75 వాట్లు 65కు దిగాయి. ఆ 10 వాట్లూ తెర వెలుగువే. వెనకాల అప్‌డేట్లు నడుస్తుంటే అంకెలు మారతాయి కాబట్టి రెండు మూడుసార్లు కొలిస్తే మేలు.

దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్న మన నల్గొండ జిల్లాలో 10 వాట్లు ఏపాటి అనిపించవచ్చు. కానీ బిల్లు కట్టేది దుకాణదారు. నాలుగు తెరలు రోజుకు పది గంటలు నడిచే ఆన్‌లైన్ సెంటరులో తెరకు 10 వాట్ల చొప్పున 26 రోజులకు 10 యూనిట్లు దాటుతుంది.

అసలు వెలుగు ఎందుకు పెంచుతున్నాం? నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల పడమటి ముఖం దుకాణంలో మే నెల మధ్యాహ్నం కూర్చుంటే తెలుస్తుంది. షట్టరులోంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంది, అక్షరాలు కనిపించవు, మీట నొక్కి వెలుగు పెంచుతాం. సాయంత్రమయ్యాక తగ్గించాలని ఎవరికీ గుర్తుండదు. కొత్త మానిటర్ కొనేముందు బల్ల జరపండి. వాకిలి మీకు ఎదురుగానూ వీపు వెనకానూ కాక, పక్కన ఉండాలి. ఈ పని చేశాక వెలుగు సగంలో పెట్టినా చదవగలుగుతారు.

నల్లని నేపథ్యం పెడితే కరెంటు ఆదా అన్న మాట ఓఎల్‌ఈడీ తెరలకే చెల్లుతుంది. అందులో నల్ల చుక్క అంటే ఆరిన చుక్క. మన దుకాణాల్లోని మామూలు ఎల్‌సీడీలో వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది, నలుపు దాన్ని అడ్డుకుంటుందంతే. దీపం పెట్టి కిటికీ మూసినట్టు. స్క్రీన్‌సేవర్ కూడా అంతే. పాత గాజు గొట్టం తెరలపై మచ్చ పడకుండా పుట్టిన ఏర్పాటు అది. దాన్ని తీసేసి, విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపై పవర్ తెరిచి, 5 నిమిషాలకు తెర ఆరేలా పెట్టండి.

అభ్యాసం: మానిటర్ మీటతో తెర ఆపి, కంప్యూటర్‌ను మాత్రం నడవనిచ్చి 10 మిణుకులు కొలిచి, వాట్లు లెక్కకట్టండి. పూర్తి వెలుగులో వచ్చిన వాట్లలోంచి ఈ వాట్లను తీసేస్తే, పూర్తి వెలుగులో మీ తెర ఖర్చు ఎంతో దాదాపుగా తెలుస్తుంది. ఆ అంకె రాసి ఉంచుకోండి, నాలుగో పాఠంలో ఇన్వర్టర్ మీద తెర ఎంతసేపు నిలుస్తుందో లెక్కించేందుకు కావాలి.