కరెంటు పని నేర్చుకుందాం – 7వ పాఠం: మీటింగ్ గదిలో ప్లగ్ పాయింట్లు

పోయిన పాఠంలో లోడు లెక్క వేశాం. ఈసారి కొలత టేపు, సుద్దముక్క దగ్గర పెట్టుకోండి.

ఒంగోలులో ఒక ఆఫీసుకి రిపేరుకి వెళ్లాను. మీటింగ్ గది నాలుగు గోడలకీ బోర్డులున్నాయి, బల్లేమో గది నడుమ ఉంది. గోడ నుంచి బల్ల దాకా ఎక్స్‌టెన్షన్ వైరు నేల మీదే పడి ఉంది. కుర్చీ చక్రాలు ఎక్కీ దిగీ ఒకచోట తొడుగు చిట్లి రాగి పోగులు బయటపడ్డాయి. ఆ పక్కనే ఆయమ్మ తడిగుడ్డతో నేల తుడుస్తోంది. పరిగెత్తి మెయిన్ ఆపాను. అప్పట్నుంచి ఏ మీటింగ్ గదికెళ్లినా నేను ముందు అడిగేది ఒకటే: బల్ల ఎక్కడ వేస్తారు?

అమెరికా విద్యుత్ కోడ్ 2017 ప్రతిలో 1000 చదరపు అడుగులు దాటని మీటింగ్ గదులకి ప్రత్యేకంగా నియమం పెట్టారు. మనకది చట్టం కాదు గానీ లెక్క బాగుంది. ఆ ప్రతి ప్రకారం గది వెడల్పు కనీసం 12 అడుగులు, వైశాల్యం కనీసం 215 చదరపు అడుగులు ఉంటే నేలలో ఒక పాయింటు తప్పనిసరి, అదీ ఏ గోడకైనా కనీసం 6 అడుగుల దూరంలో. ఆపైన ప్రతి 215కీ ఇంకొకటి. మిగులు 215లో సగం దాటితే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నెల్లూరులో 20 × 15 గది అనుకుందాం. 300 చదరపు అడుగులు. 215 పోగా మిగిలేది 85, సగానికి తక్కువ. కాబట్టి ఒక్క పాయింటు చాలు. ఇప్పుడు ప్రతి గోడ నుంచీ 6 అడుగులు కొలిచి గీత గీయండి. నడుమ 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున పట్టీ మిగులుతుంది. నేలలో పాయింటు బిగించే బాక్సు ఆ పట్టీలోనే రావాలి. బల్ల కాళ్లు, కుర్చీలు తిరిగే దారి తప్పించి గుర్తు పెట్టండి.

ఇదంతా ఫ్లోరింగ్ వేయకముందే తేలాలి. చీమకుర్తి గ్రానైట్ పరిచేశాక నేల కోయమంటే ఏ యజమానీ ఒప్పుకోడు, మళ్లీ ఎక్స్‌టెన్షన్ బోర్డే దిక్కవుతుంది. మనవాళ్లు నేల నీళ్లతో కడుగుతారు కాబట్టి రబ్బరు వాషరున్న మూత బాక్సే కొనండి. కరెంటుకి ఒక పైపు, నెట్‌వర్క్ వైరుకి ఇంకో పైపు. ఈ సర్క్యూట్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా పని అప్పజెప్పొద్దు.

గోడ పాయింట్లు తేలిక. టీవీకి దాని ఎత్తులోనే ఒకటి, తలుపు తెరిస్తే చాటుకి పోయేచోట వద్దు. టీ కెటిల్ పెట్టే మూల మాత్రం జాగ్రత్త: 1500 వాట్ల కెటిల్ మన 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు, 16 వేయండి.

ఇంటి దగ్గర చేయాల్సింది: 25 × 22 గదికి నేలలో ఎన్ని పాయింట్లు వస్తాయో లెక్కగట్టి, కాగితం మీద గుర్తులు పెట్టండి. ఆ బొమ్మతోనే 8వ పాఠంలో పైపులు లాగుదాం.