ఘాటీ దారికి, ఉప్పు గాలికి కారు నిలవాలంటే

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కి దిగే కారుకి అన్నిటికన్నా ముందు బ్రేక్ ఆయిల్ చూడండి. అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. ఘాటీ దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడికి ఆయిల్లో బుడగలు పుడతాయి. పెడలు నేలకి ఆనుతుంది, బండి ఆగదు. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్పించండి. డబ్బాలో పైపైన పోసి సరిపెట్టనివ్వకండి. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ వదిలించి బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించాలి. బ్రేకు ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకి అరిగితే ఇంకో ట్రిప్పు చూద్దామనుకోవద్దు.

ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదలడం, ఇంజినే ఆపేయడం చాలా ప్రమాదం. ఇంజిన్ ఆగితే, మన కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకి వాక్యూమ్ అందదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. పైగా ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దాదాపు తీసుకోవు. కలిసొచ్చేదేమీ లేదు.

ఎక్కేటప్పుడు భారమంతా రేడియేటరుది. బోరు నీళ్లు పోస్తూపోతే లోపల సున్నం పేరుకుని సన్నని గొట్టాలు పూడిపోతాయి. రేడియేటరులో పోయాల్సింది కూలెంటు, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. చిక్కటి కూలెంటైతే డిస్టిల్డ్ వాటరు సగానికి సగం కలపాలి. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. ఇంజిన్ చల్లారందే రేడియేటరు మూత తిప్పొద్దు. మట్టం నెలనెలా దిగుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం: హోసులు, వాటర్ పంపు చూపించండి.

ఇంజిన్ ఆయిల్ మాన్యువల్లో రాసిన గ్రేడే, కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టరు 5,000 కిలోమీటర్లకే తీసి చూడాలి.

ఒడిశా తీరాన గోపాలపురం, ఛత్రపురం వైపు బండిని తినేది ఉప్పు గాలి. పైన రంగు తళతళలాడుతూనే ఉంటుంది, అడుగున తుప్పు పాకుతుంటుంది. నెలకోసారి మంచినీళ్లతో అడుగుభాగం, చక్రాల గూళ్లు కడిగించండి. తలుపుల కింది అంచున వాననీళ్లు పోయే చిన్న బెజ్జాలుంటాయి. అవి మట్టితో పూడితే తలుపు లోపల్నుంచే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ పుల్లతో తీయండి. ఇనప చువ్వైతే రంగు గీసుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. తడి కారుకి కవరు కప్పొద్దు.

వారాల తరబడి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగి వదలకండి, బ్రేకు షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. చదును నేల మీద మొదటి గేరులో ఉంచి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి.