వానలకి ముందు సేల్‌లో చవక టూల్స్ కొంటున్నారా? ఇవి చూసుకుని కొనండి

మృగశిర కార్తె దగ్గర పడుతోంది. వానలు మొదలయ్యాయంటే మన హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లో ఏదో ఒక రిపేరు బయటపడుతుంది, టెర్రస్ మీద పైపు కారడం, గోడకి నెమ్ము, సంపు మోటార్ ట్రిప్ కావడం, నీళ్లు నిలిచిన రోడ్డు మీద గుంత కనపడక టైరు పోవడం. ఈ టైంలో పనివాళ్లు దొరకరు, దొరికినా ఇవాళ రేపు అంటారు, అందుకే చాలామంది మనమే చేసుకుందాంలే అని ఫోన్‌లో సేల్ చూసి వంద పీసుల టూల్ కిట్టు, డ్రిల్ మిషన్, జాకీ అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేస్తారు. సొంతంగా చేసుకోవడం మంచిదే, నేనూ చేసుకుంటా, చవకవన్నీ పనికిరావని కూడా అనను. కానీ కార్ట్‌లో వేసే ముందు ఒక్కటి ఆలోచించండి, ఈ వస్తువు పని మధ్యలో విరిగినా జారినా ఏం పోతుంది? పని ఆగుతుంది అంతే అయితే చవకది తీసుకోండి. చెయ్యో కన్నో ప్రాణమో పోతుంది అనిపిస్తే అక్కడ మాత్రం దయచేసి డబ్బుకి వెనకాడకండి.

ముందు జాకీ గురించి చెప్తా, ఎందుకంటే నాకు అన్నిటికన్నా భయం వేసింది దాని దగ్గరే. రెండేళ్ల కింద సేల్‌లో సగం రేటుకి వస్తోందని 2 టన్నుల బాటిల్ జాకీ ఒకటి తెప్పించా. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ముందు టైరు నట్లు కొంచెం వదులు చేసి కారు లేపా, ఇంకా టైరు తియ్యలేదు, ఇంతలో పైనుంచి టిఫిన్‌కి పిలిస్తే వెళ్లా. ఇరవై నిమిషాల తర్వాత దిగి వచ్చి చూస్తే టైరు నేలకి ఆని ఉంది. జాకీ పక్కకి పడలేదు, విరగలేదు, నిలబెట్టిన చోటే నిలబడి మెల్లగా కిందికి దిగిపోయింది. దాని అడుగున నేల మీద అరచెయ్యంత ఆయిల్ మరక, పిస్టన్ చుట్టూ ఇంకా ఆయిల్ ఊరుతోంది, లోపల సీలు పోయిందన్నమాట. చప్పుడు చేస్తే కనీసం పక్కకి జరుగుతాం, ఇదైతే చప్పుడు కూడా చెయ్యదు. ఆ టైంలో నేను టైరు తీసేసి కింద చెయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది, చిన్న కారు అన్నా ఖాళీగానే 800, 900 కిలోలు ఉంటుంది కదా.

అప్పుడు తెలిసింది ఏంటంటే జాకీ పని లేపడం వరకే, మోయడం దాని పని కాదు. ఎంత ఖరీదైన జాకీ అయినా సరే లేపిన వెంటనే కింద జాకీ స్టాండ్లు పెట్టి బరువు వాటి మీదకి దించాలి. కారుతో పాటు కంపెనీ ఇచ్చే మడత జాకీ అయితే స్టెప్నీ మార్చడానికి మాత్రమే, దాన్ని నమ్మి కింద దూరకండి. స్టాండ్లు కొనేటప్పుడు కాళ్లు కలిసే చోట వెల్డింగ్ అంతటా ఒకేలా ఉందా, మధ్యలో ఖాళీలు ఉన్నాయా అని చేత్తో తడిమి చూడండి, లోపలి ఇనుప పంటి మీద నిలబడే రకం కన్నా రంధ్రంలో పిన్ను దూర్చే రకం నాకు నమ్మకం. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే డిస్కౌంట్ టూల్స్ కంపెనీ లక్షల సంఖ్యలో జాకీ స్టాండ్లు వెనక్కి తీసుకుంది, బరువు కాస్త అటూ ఇటూ కదిలితే లోపలి పన్ను జారి స్టాండ్ ఒక్కసారిగా దిగిపోయే ప్రమాదం ఉందని తేలింది, తర్వాత మార్చి ఇచ్చిన వాటిలో కూడా కొన్నిటికి వెల్డింగ్ లోపం బయటపడింది. అందుకే స్టాండ్ ఉన్నా సరే విప్పిన టైరుని పడుకోబెట్టి కారు అంచు కిందికి తోసి పెట్టండి, రెండో కాపలా లాగా.

మన సెల్లార్లలో ర్యాంప్ దగ్గర నేల వాలుగా ఉంటుంది, అక్కడ లేపొద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, ఎదురు టైర్లకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. కానీ కారు కింద ఆసరాకి మాత్రం ఇటుకలు, సిమెంట్ దిమ్మెలు పెట్టకండి, అవి పగిలేముందు చెప్పవు. వానాకాలం రోడ్డు పక్కన తడి మట్టి మీద జాకీ పెడితే దిగబడిపోతుంది, డిక్కీలో అడుగు పొడవు మందపాటి చెక్క పలక ఒకటి వేసి పెట్టుకోండి. ఇక కిట్టులో వచ్చే పానాల మాట, టైరు నట్టుకి ఆరు మూలలు ఉండే సాకెట్ వాడండి, మెకానిక్‌లు గోటీ అంటారు చూడండి అది. పన్నెండు పళ్లది చవక ఇనుముదైతే బిగుసుకుపోయిన నట్టు మూలలు అరగదీసి జారుతుంది, వేళ్లు వెళ్లి చక్రం డిస్క్‌కి కొట్టుకుంటాయి.

గ్రైండర్, అదే కటింగ్ మిషన్. గేటు తుప్పు తియ్యడానికి, పైపు కొయ్యడానికి వానలకి ముందు అందరూ తెచ్చేది ఇదే, ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదమైనది కూడా ఇదే. 4 అంగుళాల మిషన్ నిమిషానికి 11,000, 12,000 చుట్లు తిరుగుతుంది. మిషన్ కన్నా దానికి వేసే డిస్క్ గురించి ఎక్కువ చూడాలి, డిస్క్ మీద రాసిన స్పీడు మిషన్ స్పీడుకి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, ఏమీ రాసి లేని డిస్క్ అయితే ఊరికే ఇచ్చినా తీసుకోకండి. మధ్యలో చిన్న ఇనుప రింగు ఉంటుంది కదా, దాని మీద గడువు తేదీ కొట్టి ఉంటుంది, చాలామందికి డిస్క్‌కి కూడా ఎక్స్‌పైరీ ఉంటుందని తెలీదు. దాన్ని కలిపి పట్టి ఉంచే జిగురు పాతబడితే, చెమ్మ పీలిస్తే బలం తగ్గుతుంది, పోయినేడు బాత్‌రూమ్ అటక మీద పడేసిన డిస్క్ ఈ ఏడు తీసి వేయొద్దు. కోసే డిస్క్‌తో పక్కవాటుగా రుద్దొద్దు, గార్డు తీసేసి వాడొద్దు, కళ్లద్దాలు ఉన్నాయిగా అని గాగుల్స్ మానొద్దు. ఇంకొకటి, కర్ర కోసే పళ్ల బ్లేడు గ్రైండర్‌కి తగిలించి వీడియోల్లో చూపిస్తుంటారు, సేల్‌లో కాంబోగా కూడా ఇస్తారు, అది కర్రలో ఇరుక్కుంటే మిషన్ చేతిలోంచి ఎగిరి మెడ మీదకి వస్తుంది. ఈ ఒక్క పని ఎవరు చెప్పినా చెయ్యకండి.

కరెంటు దగ్గరకి వద్దాం. టెస్టర్ చిన్న వస్తువే కానీ దాని చివర మన వేలు ఉంటుంది, మన ఒంట్లోంచే కొద్దిపాటి కరెంటు పోయి ఆ బల్బు వెలుగుతుంది, ప్రాణం కాపాడేది లోపల ఉన్న చిన్న రెసిస్టర్ ముక్క. కిట్టులో వచ్చే ఊరూ పేరూ లేని టెస్టర్‌లో అది సరిగ్గా ఉందో లేదో చూసే దారి మనకి లేదు, కాబట్టి టెస్టర్ విడిగా మంచిది కొనుక్కోండి, వానలో తడిస్తే పక్కన పెట్టేయండి. ఎండు చెక్క స్టూల్ మీద నిలబడితే కరెంటున్నా వెలగకపోవచ్చు, వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవద్దు, ముందు పనిచేసే ప్లగ్గులో టెస్టర్ వెలుగుతోందా చూసుకుని, తర్వాత మెయిన్ ఆఫ్ చేసి, పని చేసే చోట మళ్లీ టెస్టర్ పెట్టి చూసి అప్పుడు ముట్టుకోండి. కటింగ్ ప్లేయర్‌కి ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన షాక్ కొట్టదని కాదు, 1000 వోల్టులు అని రాసి, పక్కన జంట త్రికోణం గుర్తు ఉన్నవే ఆ పనికి టెస్ట్ చేసినవి, అవి కూడా మెయిన్ ఆఫ్ చేసే వాడాలి.

జంక్షన్ బాక్స్, అదే ఎక్స్‌టెన్షన్ బోర్డు విషయంలో చాలామంది మోసపోతున్నారు. 6 ఆంపియర్ల బాక్స్‌కి 1,800 వాట్ల కారు వాషర్ పెడితే 230 వోల్టుల మీద దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది, వైరు వేడెక్కి తొడుగు మెత్తబడుతుంది. వైరు మీద 1.5 స్క్వేర్ ఎంఎం అని, ఐఎస్ 694 అని ఉందా చూడండి, ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు, రాగి పూత వేసిన అల్యూమినియం. చుట్ట చుట్టి ఉన్న వైరుని అట్లాగే వాడకుండా మొత్తం విప్పి వాడండి. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి లైసెన్స్ ఇచ్చారో వస్తుంది, షాపులో నిలబడే చూసుకోవచ్చు. తడి చోట, సంపు దగ్గర మిషన్ వాడేవాళ్లు ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్ పెట్టించుకోవడం ఏ టూల్ కన్నా ముందు చేయాల్సిన ఖర్చు.

బ్యాటరీ డ్రిల్లుల మీద 48 వోల్టులు, 88 వోల్టులు అని పెద్ద పెద్ద అంకెలు రాస్తారు, ప్యాక్ విప్పితే ఐదు సెల్స్ ఉంటాయి, ఫుల్ ఛార్జ్‌లో 21 వోల్టులు దాటవు. అబద్ధం రాసినవాడు లోపల సెల్స్ మంచివి పెట్టాడని ఎట్లా నమ్ముతాం, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకండి.

చవకవి ఎక్కడ ఓకే అంటే, పుట్టి పట్టీలు, బ్రష్షులు, కొలత టేపు, అలెన్ కీలు, సిలికాన్ గన్ను, క్లాంపులు, ఇవి హాయిగా కొనుక్కోండి. వంద పీసుల కిట్టులో డెబ్బై స్క్రూలు, రావల్ ప్లగ్గులే ఉంటాయి కాబట్టి ఆ అంకె పట్టించుకోకుండా అందులో మీకు కావాల్సిన ఆరేడు విడిగా కొంటే అదే డబ్బుకి మంచివి వస్తాయి.

కొనేది కూడా వీలైతే రాణిగంజ్ వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి. అక్కడ షాపులో "అన్నా, కంపెనీ మాలా లోకల్ మాలా" అని అడిగితే చాలామంది ఉన్నదున్నట్టే చెప్తారు, "ఇది లోకల్ సార్, గ్యారంటీ లేదు, రోజూ పనికైతే కంపెనీది తీస్కపోండి" అని ఒకాయన నన్ను ఆపి మరీ చెప్పాడు. మిషన్‌కి కార్బన్ బ్రష్షులు, ఆర్మేచర్ దొరుకుతాయా అని అప్పుడే అడగండి, బిల్లు తప్పకుండా తీసుకోండి, మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వడానికి అదే ఆధారం. జుమేరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పానాలు, సుత్తులు కొత్త చవకవాటికన్నా గట్టివి దొరుకుతాయి, పానా నోరు సాగిందా, సుత్తి తల ఊగుతోందా, ఉలి తల పుట్టగొడుగులా చిట్లిందా చూసుకుంటే చాలు. పాత గ్రైండర్లు, జాకీలు మాత్రం అక్కడ వద్దు. నిచ్చెన అయితే అడుగు రబ్బర్లు, రివెట్లు చూసి, షాపులోనే రెండు మెట్లు ఎక్కి ఊపి తీసుకోండి.

ఆల్రెడీ ఆన్‌లైన్‌లో జాకీ ఆర్డర్ పెట్టేసినవాళ్లు, రాగానే డిక్కీలో పడేయకండి. ఎగుడు దిగుడు లేని నేల మీద టైరు విప్పకుండానే కారు ఒక మూల కొంచెం లేపి, నేల నుంచి బాడీ అంచు దాకా ఎంతుందో టేపుతో కొలిచి రాసుకుని, పిల్లల్ని అటు రానీయకుండా అరగంట వదిలేయండి. మళ్లీ కొలిస్తే తగ్గినా, అడుగున ఆయిల్ తడి కనిపించినా రిటర్న్ గడువు లోపే వెనక్కి పంపేయండి. అదే పనిలో స్టెప్నీలో గాలి కూడా చూసుకోండి, ఏడాదిగా ముట్టుకోనిది బాగా దిగిపోయి ఉండొచ్చు.